మా అఫ్షాన్‌కు చదువు రాదన్నవాళ్ల మీద

ఆగస్టు 31, ఆదివారం

నా పేరు దూదేకుల కుళ్లాయమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డులో ఒక లెక్క, మా అమ్మ చెప్పింది ఒక లెక్క. ఊరు తాడిపత్రి పక్కన. ఇప్పుడుండేది సౌదీలో తబూక్‌లో, మూడో అంతస్తులో. ఇంట్లో నలుగురం. కొడుకు అల్లాబకాష్ ఊరిబయట పెద్ద తోటలో కోల్డ్ స్టోరేజీ మిషన్లు చూస్తాడు, గురువారం సాయంత్రం వచ్చి శనివారం పోతాడు. కోడలు తరన్నుమ్ హైదరాబాదు పిల్ల, క్లినిక్‌లో వచ్చినోళ్ల పేర్లు ఎక్కించుకునే పని. మనవరాలు అఫ్షాన్ రెండో తరగతి. నాలుగోదాన్ని నేను.

నాకు అక్షరం రాదు. రాస్తాండేది కింది ఇంటి స్వర్ణ. జగిత్యాల పిల్ల, మొగుడు రమేష్ ఏసీలు బిగిస్తాడు. రోజూ రాత్రిపూట టీకి పైకొస్తాది, టీ తాగి ఊరికే పోకుండా నాకు రాసిపెట్టాలని మాట. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలమే, నీ మాటలు కలపొద్దు అన్నా. "మీయే రాస్త పెద్దమ్మా. తిట్లు గూడ రాయాల్నా?" అంది. తిట్లే ముందు రాయమన్నా.

ఎందుకు రాయిస్తాండానంటే, ఈ ఇంట్లో నేను పొద్దున అన్న మాట సాయంత్రానికి వేరే మాట అయి కూర్చుంటాంది. నా మాట నా దగ్గర ఉండాల. ఎవరికీ చూపించేది కాదు.

సంగతేందంటే, ఇస్కూలు నుంచి కోడలి ఫోనుకు కబురొచ్చింది. అఫ్షాన్ చదవలేకపోతాందంట. సెప్టెంబరు ఆఖర్లో పరీక్ష పెడతారంట. అప్పటికీ చదవకపోతే ఒకటో తరగతికి దించుతారంట. కోడలు ఆ ముక్క చెప్పి కళ్లు తుడుచుకుంది. ఏడిస్తే చదువొస్తాదా? దానికి పొద్దున పోతే సాయంత్రమే ఇల్లు. మొగుడు తోటలో. పిల్లను చూసేదెవరు?

ఆ కబురులోనే ఇంకో ముక్క. రెండో తరగతి టీచరమ్మలు ఇద్దరుంటే ఒకామె ఎగ్జిట్ వీసా కొట్టించుకుని మన దేశం పోయిందంట, రెండు సెక్షన్లూ ఒక్క టీచరమ్మకే పడినాయంట, తల్లులెవరన్నా వచ్చి సాయంగా కూర్చుంటారా అని. వాలంటీరంట. జీతం లేని పనికి పెద్ద పేరు.

నేను పోతా అన్నా. కోడలు బిత్తరపోయి "అత్తమ్మా, మీరా?" అంది. నేనే. నా మనవరాలిని దించేదెవరో నేనూ చూస్తా.

సెప్టెంబరు 2, మంగళవారం

పోయినా. చీర మీద నల్ల గౌను, మెడలో తాడుకు కట్టిన కార్డు. జాతర ఎద్దు మాదిరి అలంకారం.

టీచరమ్మ పేరు ఉమేరా. కడప పిల్ల, తెలుగు బాగనే మాట్లాడతాది. గాలేస్తే పోయేటట్టుంటాది, గొంతు మాత్రం ఊరంతా వినపడతాది. గదిలో యాభైమంది దాకా పిల్లకాయలు. గోడకు పెద్ద టీవీ మాదిరి బోర్డు. దాన్ని తాకితే రంగులొస్తాయి, పాటొస్తాది. అది ఆగిపోతే మాత్రం టీచరమ్మకు చేతులాడవు.

నాతోపాటు ఇంకో వాలంటీరు, ఎవరో ఇంజనీరు పెళ్లాం. వచ్చిందగ్గర నుంచి ఫోనులో తన మొకమే చూసుకుంటాంది. ఒక పిల్లోడు వచ్చి "ఆంటీ, నారింజ వొలవండి" అంటే గోరు పాడయితాదని నా దిక్కు తోసింది. నారింజ వొలవను గూడా చేతగాని పిల్లకాయలు. ఈ వయసుకు నేను మా అమ్మతో దూది ఏకిన దాన్ని. వీళ్లు టిఫిన్ డబ్బా మూత తీయలేక ఏడుస్తారు. లోపల నూడిల్సు. అవి చూస్తే ఏడుపు రావడం న్యాయమే.

టీచరమ్మ నా చేతికి కాగితం ఇచ్చి "అమ్మా, ఈ పేర్లు పిలవండి" అంది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయినా అని చెప్పినా. నాకు కళ్లజోడే లేదు. స్వర్ణ నవ్వుతాంది. రాయి.

సెప్టెంబరు 4, గురువారం

ముక్కులు తుడిచినా. అంతే.

సెప్టెంబరు 10, బుధవారం

ఈ రోజు చెప్పేది చానా ఉండాది. స్వర్ణా, టీ మళ్లా తాగుదువులే.

అన్నాలయినాక టీచరమ్మ గది మూలన నీలం చాప ఒకటి పరుస్తాది. చదవలేని పిల్లకాయల్ని ఆ చాప మీదికి పిలుస్తాది. ఆరేడుగురుంటారు. అందులో మా అఫ్షాన్. టీచరమ్మ వాళ్ల మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కో అక్షరమే చూపిస్తా, ఒక్కో కూత కూయిస్తాది. బ అంట, క అంట, ట అంట. మేకపిల్లలు నయం. మిగతా పిల్లకాయలు బొమ్మలకు రంగులేసుకుంటా వీళ్ల దిక్కు చూసి మూతులు తిప్పుతారు. ఇంజనీరు పెళ్లాం నన్నడిగింది, "మీ బచ్చీ ఆ చాప మీదనా?" అని. నాకు ఒళ్లంతా కారం పూసినట్టయింది.

నా మనవరాలు చాప మీద కూర్చునేదేంది?

చదువంటే ఏందో వీళ్లకు తెలీదు. మా ఊరి మసీదులో ఉస్తాదు చదువు చెప్పేటప్పుడు గడప బయట కూర్చుని నేను చూసినా. ఉస్తాదు ముందు చెప్తాడు, పిల్లకాయలు వెనక చెప్తారు. అరబ్బీ పుస్తకం మీద వేలు కుడిపక్క నుంచి ఎడమపక్కకు పోతా ఉంటాది, నోరు దాంతోపాటు పోతా ఉంటాది. నోటికొచ్చినంక ఇక అడిగేవాడు లేడు. నేను ఆ గడప బయట విన్నవే ఈ రోజుకూ ఒక్క ముక్క తప్పకుండా చెప్తా.

కాబట్టి నేనేం చేసినానంటే, గమ్మున కూర్చుని విన్నా. బాగా చదివే పిల్లకాయలు లేచి పాఠం చదువుతారు గద, నాలుగుసార్లు విన్నానంటే నాకు వచ్చేస్తాది. ఇంటికొచ్చి అఫ్షాన్‌ను కూర్చోబెట్టుకున్నా. మేక బొమ్మున్న పేజీ తీసి, ముందు నేను, వెనక అది. "ది గోట్ ఈజ్ ఆన్ ది రూఫ్. హూ విల్ బ్రింగ్ ది గోట్ డౌన్?" వేలు ఎట్ల నడిపించాలో దాని వేలు పట్టుకుని చూపించినా. సాయంత్రం కూర పొయ్యి మీద నుంచి దిగేలోపల పిల్ల పాఠమంతా అప్పజెప్పింది.

దీనర్థమేందని స్వర్ణను అడిగినా. "మేక మిద్దె మీదున్నది, ఎవరు దించుతరు అని" అంది. మిద్దె ఎక్కిన మేక దానంతటదే దిగుతాది. దీనికొక పాఠం, దానికొక పరీక్ష.

పిల్ల నన్ను దాదీ అంటాది, తల్లి నేర్పింది. జేజీ అనాలని ఎన్నిసార్లు చెప్పినా నాలుక తిరగదు అనేది. ఈ రోజు పాఠం అయినాక దానంతటదే "జేజీ" అంది.

సెప్టెంబరు 16, మంగళవారం

దించినా. మేకను కాదు, నా మనవరాలిని ఆ చాప మీద నుంచి.

పొద్దున ఉమేరా టీచరమ్మ బల్లకు అటుపక్క కూర్చుని, అఫ్షాన్‌ను ఇటుపక్క ఎదురుగా కూర్చోబెట్టుకుని మేక పాఠం తీసింది. పిల్ల వేలు పెట్టింది. నీళ్ల మాదిరి పోయింది. తర్వాత ఒంటె పాఠం తీసింది. అదీ పోయింది. టీచరమ్మ నా దిక్కు తిరిగింది. "అమ్మా, వారంలో ఎంత మార్పు. ఏం చేసినారు మీరు?" అంది.

"ఏముంది, దగ్గర కూర్చున్నా" అన్నా.

"ఇంక అఫ్షాన్‌కు చాప అక్కరలేదు. ఆ చోట్లో ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటా."

అందర్ల ముందర అంది ఆ మాట. ఇంజనీరు పెళ్లాం విన్నాది. ఫోను మీద నుంచి తల గూడా ఎత్తింది. అన్నాలయినాక చాప పరిచినప్పుడు మా పిల్ల రంగులేసుకుంటా కూర్చుంది, ఒక్కోసారి చాప దిక్కు చూస్తా. అటు చూడొద్దని చెప్పినా.

చూడు స్వర్ణా, ఎంతెంత చదువుకుని, దేశం దాటొచ్చి, గోడకు టీవీ పెట్టుకుని వీళ్లు చేయలేంది ఒక ముసిల్ది కూర వండుతా చేసింది. ఇది రెండుసార్లు రాయి. రాసినావా? రెండోసారి గూడా?

సెప్టెంబరు 17, బుధవారం

కోడలికి కళ్లు మండినాయి. రాత్రి అన్నాల దగ్గర పాల డబ్బా తీసి పిల్ల ముందర పెట్టి, ఇక్కడేముందో చదువు బేటా అంది. పిల్ల డబ్బాను అటు తిప్పింది, ఇటు తిప్పింది. "దీని మీద పాఠం లేదు అమ్మీ" అంది.

కోడలు నా దిక్కు చూసింది.

నేనన్నా, "పాల డబ్బా మీద పాఠాలుంటాయామే? ఇస్కూలు పుస్తకం ఇచ్చి చదివించు, చదువుతాది."

"అత్తమ్మా, దీనికి చదవడం వచ్చిందా, నోటికి వచ్చిందా?"

రెంటికీ తేడా ఏందో నువ్వే చెప్పు అన్నా. వచ్చీరాని తెలుగుతో నన్ను నిలదీసేకి వస్తాది. ఆ ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చుని నేర్పించొచ్చు గద, అది మాత్రం కాదు.

పిల్ల బాగనే ఉండాది. బాగనే ఉండాది.

సెప్టెంబరు 25, గురువారం

పుస్తకమంతా అయిపోయింది. మేక, ఒంటె, బావి, రొట్టెల అంగడి, జ్వరమొచ్చిన కోడి, అన్నీ. బొమ్మ చూస్తే చాలు, పాఠం నోట్లో నుంచి దూకుతాది.

అల్లాబకాష్ తోట నుంచి వచ్చి విన్నాడు. పిల్లను ఎత్తుకుని తిప్పినాడు. "మా, నువ్వు లేకుంటే ఏమయిపోతాంటిమో" అన్నాడు. కోడలు వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టింది. పెట్టుకోనీ.

ఒక్క సంగతి. పిల్ల ఈ రోజు పాఠం నడమన ఆగి, "జేజీ, ఇందులో గోట్ ఏది? యాడుంది?" అంది. పేజీ మీద అన్ని చోట్లా వెతుకుతాంది. ఉండేచోటే ఉంటాది, నీకెందుకు, గమ్మున ముందుకు పో అన్నా. పోయింది.

ఆదివారం పరీక్ష.

సెప్టెంబరు 28, ఆదివారం

పెద్ద టీచరమ్మ వచ్చింది పరీక్షకు. కేరళ ఆమె, తెలుగు రాదు, నవ్వు గూడా రాదు. కొంగుకు పిన్ను, పిన్నుకు ఇంకో పిన్ను. ఉమేరా టీచరమ్మ మామూలుగా ఎదురుగా కూర్చుంది. పెద్దామె మాత్రం కుర్చీ వద్దని పిల్ల వెనకపక్క నిలబడింది, భుజం మీద నుంచి చూస్తా. ఒక పిల్ల చదివేది వినాలంటే వెనక నిలబడాల్నా? కోతివేషం.

మేక పాఠమే తీసినారు. నేను తలుపు దగ్గర నిలబడి, సరే, ఇది కళ్లు మూసుకుని చెప్తాది అనుకున్నా.

చెప్పింది. ఒక్క మాట తప్పలేదు. ఒక్కటి గూడా.

పెద్దామె వంగి పిల్ల వేలు దిక్కు చూసింది. ఇంగ్లీషులో ఏందో అంది. ఉమేరా టీచరమ్మ లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆమె పక్కకొచ్చి నిలబడింది. "అఫ్షాన్, ఇంకోసారి" అంది. పిల్ల ఇంకోసారి చెప్పింది, వేలు నేను నేర్పినట్టే కుడిపక్క నుంచి ఎడమపక్కకు తీసుకుపోతా. ఉమేరా టీచరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దామె తన పెన్ను తీసి పేజీ నడిమధ్యన ఒక మాట కింద పెట్టింది. ఇదేందని. పిల్ల మొదటి నుంచి ఎత్తుకుంది, ది గోట్ ఈజ్ ఆన్ ది రూఫ్. కాదు, ఇది ఒక్కటే, అని పెన్నుతో మళ్లా తట్టింది. పిల్ల మళ్లా మొదటి నుంచి ఎత్తుకుంది. పెన్ను వేరే మాట కింద పెట్టింది. పిల్ల మళ్లా, ది గోట్ ఈజ్ ఆన్ ది రూఫ్. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు అఫ్షాన్ నా దిక్కు తిరిగి చూసింది.

నేను కిటికీ దిక్కు చూసినా. బయట బస్సులుండాయి.

వేలు ఎటు పోతే ఏమి? చెప్పాల్సింది చెప్పిందా లేదా? ఒక్క మాట తప్పినాదా? ఇదే నేనడిగేది. దీనికి జవాబు చెప్పమను ఆ పిన్నులామెను.

సెప్టెంబరు 29, సోమవారం

ఇన్ని దినాలూ స్వర్ణకు ఎదురుగా కూర్చుని చెప్తా ఉంటి. ఈ రోజు పక్కన కూర్చుని దాని చెయ్యి ఎటు పోతాందో చూసినా. ఇంక చాలు, మూసెయ్.

అక్టోబరు 1, బుధవారం

ఉమేరా టీచరమ్మ ఇంటికొచ్చింది. చేతిలో సన్న పుస్తకం. కోడలు సెలవు పెట్టి కూర్చుంది. నాకు టీ పెట్టే పని ఇచ్చినారు. పెట్టినా. చక్కెర వెయ్యలేదు.

వచ్చే ఆదివారం నుంచి ఒకటో తరగతిలో కూర్చోవాలంట పిల్ల. కోడలు ఏడవలేదు ఈసారి. అది నాకు నచ్చలేదు, ఏడ్చినా బాగుండు.

నేనే అడిగినా. "ఏం టీచరమ్మా, మొన్న అందర్ల ముందర మెచ్చుకుంటివి గద. ఎదురుగా కూర్చుని చూస్తివి గద. నీకు కనపడలేదా వేలు?"

"నాకు ఎదురుగా కదమ్మా. పిల్ల కుడి నుంచి ఎడమకు తీసుకుపోయేది నాకు ఎడమ నుంచి కుడికి, సరిగ్గా పోయినట్టే కనపడింది. నేను గమనించాల్సింది. తప్పు నాదే."

తప్పు తనదే అంటే ఇంకేమంటాం? తప్పు ఒప్పుకునేవాళ్లతో జగడం పెట్టుకోను గూడా కాదు. పనికిరాని మనిషి.

"పిల్ల తడబడి ఉంటే నాకు తెలిసేదమ్మా" అంది మళ్లా. "చాప మీద ఉన్న పిల్లలందరూ పరీక్ష గట్టెక్కి రెండో తరగతిలోనే నిలబడినారు. ఇన్ని వారాలు వాళ్లు ఒక్కో అక్షరమే నేర్చుకున్నారు. ఈ పిల్లను నేను చాప మీద నుంచి లేపేసినా."

ఎవరు లేపించినారో ఆమె అనలేదు. కోడలూ అనలేదు. టీలో చక్కెర లేదని గూడా ఎవరూ అనలేదు, ఇద్దరూ గమ్మున తాగినారు.

టీచరమ్మ పోతా పోతా నన్ను "ఒకటో తరగతికి వస్తారా అమ్మా, అక్కడా చేతులు తక్కువే" అంది. నాకు మోకాళ్ల నొప్పులని చెప్పినా.

రాత్రి కొడుకు ఫోను చేసినాడు. "ఎందుకు చేసినావు మా?" అన్నాడు. వీడికి పాఠం అప్పజెప్పినప్పుడు ఎత్తుకుని తిప్పినాడే, అప్పుడు అడగలేదే ఎందుకని. ఫోను కోడలికిచ్చేసినా.

అక్టోబరు 5, ఆదివారం

పిల్ల ఒకటో తరగతికి పోయింది. దాని మోకాళ్లు బల్లకు తగులుతాయంట. అదొక్కటే చెప్పింది.

నేనూరుకుంటానా? టీచరమ్మ ఇచ్చిపోయిన సన్న పుస్తకం తీసుకుని స్వర్ణ ముందర పెట్టి చదవమన్నా. "ఎందుకు పెద్దమ్మా?" అంది. చదవమంటే చదువు అన్నా. మొత్తం పుస్తకంలో మాటలే లేవు. ది బస్ ఈజ్ రెడ్. ది బస్ ఈజ్ బిగ్. ది బస్ ఈజ్ లేట్. ఇట్లా ఒక్కో బొమ్మకు ఒక్కోటి. బస్సు ఆలస్యమయితే అది పుస్తకంలో అచ్చేయాల్సిన సంగతా? రెండుసార్లు చదివేసరికి నాకు అట్ట నుంచి అట్ట దాకా వచ్చేసింది.

స్వర్ణ పెన్ను పక్కన పెట్టి, "పెద్దమ్మా, మళ్ల గదే చేస్తరా?" అంది.

నేను చెప్పేది రాయడమే నీ పని అన్నా. ఈసారి వేలు సరైన దారినే పెట్టిస్తా. అప్పుడు ఎవరు వెనక నిలబడినా, నెత్తి మీద నిలబడినా, పట్టుకునేదేముంటాది? రెండు నెలల్లో పిల్లను మళ్లా రెండో తరగతిలో కూర్చోబెట్టిస్తా. ఆ పిన్నులామె చేతనే.

"ఆ పోరికి ఏమొస్తది మరి?" అంది స్వర్ణ.

టీ తాగి పో అన్నా.

అక్టోబరు 9, గురువారం

నిన్న సాయంత్రం జరిగింది చెప్తా, తర్వాత ఇంక రాయించను.

కోడలు వంటింట్లో రొట్టెలు చేస్తాంది. పిల్ల సన్న పుస్తకం తెచ్చుకుని నా పక్కన చాప మీద కూర్చుంది. బస్సు బొమ్మ తీసింది. "జేజీ, నువ్వు ముందు చెప్పు, నేను వెనక చెప్తా" అంది.

నోట్లోకి వచ్చేసింది మొత్తం. ది బస్ ఈజ్ రెడ్, ది బస్ ఈజ్ బిగ్, వరసగా తోసుకుంటా ఉండాయి.

"నాకు రాదు" అన్నా.

"నీకన్నీ వస్తాయి కదా."

"ఇది రాదు. ఒకటో తరగతి పుస్తకం, ఎవరికి తెలుసు ఇందులో ఏం తగలబెట్టినారో. నువ్వే చూసుకో."

పిల్ల నన్ను నమ్మలేదు. పైట పట్టుకుని లాగింది. నేను ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని, గింజను పళ్ల మధ్యన పట్టుకున్నా. చేసేది లేక పేజీ మీద వేలు పెట్టింది. ఎడమపక్కన పెట్టింది. బ అంది. ఆగింది. ఎంతసేపు ఆగిందంటే కోడలు వంటింట్లో రొట్టె కాల్చడం ఆపి వింటాంది, నాకు తెలుస్తాంది. బ, స్. మళ్లా మొదటికి పోయింది. బస్. బొమ్మ దిక్కు చూసింది, వేలు కింద మాట దిక్కు చూసింది, మళ్లా బొమ్మ దిక్కు చూసింది. ఒకటి తప్పు చెప్పింది. రెడ్ అనాల్సింది ఇంకేందో అంది. నా నాలుక లేచింది. గింజ కొరికినా.

ఎందుకు చెప్పలేదని అడగొద్దు స్వర్ణా. నాకిష్టం లేక చెప్పలేదు. వాళ్ల పద్ధతి మంచిదని గాదు. మేకపిల్లల కూతలకు నేను ఈ రోజుకూ విలువివ్వను. ఆ టీచరమ్మ, ఆ పిన్నులామె, ఆ ఇంజనీరు పెళ్లాం, వీళ్లలో ఒక్కరికి గూడా నేను తల వంచలేదు. ఇది గట్టిగా రాయి.

రొట్టెలన్నీ అయిపోయి చల్లారినాయి, పిల్ల మూడు లైన్లు దాటలేదు. చివరికి వేలు ఎత్తి, "జేజీ, కరెక్టా?" అంది.

మూడోది తప్పే.

"నాకేం తెలుసు? రేపు పోయి మీ టీచరమ్మనడుగు" అన్నా.

"మీకు తెలిసి గూడ రాదన్నరు. అబద్ధం గదా పెద్దమ్మా. గట్లనే రాయాల్నా?" అంటాంది స్వర్ణ.

అట్లనే రాయి. వచ్చి గూడా రాదని చెప్పింది, అబద్ధం, అని రాయి. రాసింది నాకు ఒకసారి చదివి వినిపించు. కోడలిని పిలువు, అది గూడా విన్నాది, సాక్షి సంతకం పెడతాది.

దూదేకుల కుళ్లాయమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
స్వర్ణ (చెప్పింది చెప్పినట్టు రాసినాను)
తరన్నుమ్ (వంటింట్లో నుంచి విన్నాను)